కర్రాడీహ్ బడి తాళం తీయించిన లిడియా గారు

రెండు వేల ఒకటో సంవత్సరం జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం, తడిసిన గొడుగును గుమ్మం బయట ఆనించి, రాయ్‌పూర్ సమభాషా శిక్షణ కేంద్రపు హాజరు పట్టికలో కనిష్ఠ శిక్షకురాలిగా తొలి సంతకం చేసిన శ్రీమతి పెనుమాల లిడియా గారు, ఇరవై నాలుగు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ జూన్ ముప్పయ్యవ తేదీన ప్రధాన శిక్షణాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారు చేరిన నాటికి రాష్ట్రం ఏర్పడి ఎనిమిది నెలలు మాత్రమే. మన కేంద్రానికి అప్పుడు ఉన్నవి అద్దె ఇంట్లో రెండు గదులు, ఒక నల్లబల్ల, వాన పడితే బల్లలన్నీ ఒక మూలకు జరపవలసిన పైకప్పు. నేడు మూడు అంతస్తుల సొంత భవనంలో, మూడు భాషలలో వెలువడుతున్న ఈ అభినందన సంచికలో తెలుగు పుటలు కూడా ఉండాలని సహోద్యోగులందరం పట్టుబట్టడానికి కారణం ఒక్కటే. వారి మాతృమూర్తి, ఎనభై మూడేళ్ల శ్రీమతి రూతమ్మ గారు ఈ వ్యాసాన్ని ఎవరి సాయమూ లేకుండా స్వయంగా చదువుకోవాలి.

లిడియా గారి తండ్రి శ్రీ పాల్ గారు నరసాపురం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో ఫిట్టరుగా స్థిరపడినవారు. రూతమ్మ గారు ఆసుపత్రి నర్సు. ఇంట్లో గోదావరి తెలుగు, వాకిట్లో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, ప్రార్థనా మందిరంలో అప్పుడప్పుడూ ఇంగ్లీషు. ఇలా నాలుగు భాషల నడుమ పెరిగిన ఆ అమ్మాయికి, బడిలో అడుగు పెట్టిన మొదటి సంవత్సరమంతా పంతులమ్మ ఏం చెబుతున్నారో అర్థం కాలేదన్న సంగతి మాత్రం చివరిదాకా గుర్తుండిపోయింది. హిందీ సాహిత్యంలో స్నాతకోత్తర పట్టా, బోధనలో శిక్షణ, ప్రైవేటు పాఠశాలలో పదేళ్ల అనుభవం. వీటన్నిటితో మన కేంద్రానికి వచ్చినా, ఆమెను ఇక్కడికి నడిపించినది ఆ మొదటి సంవత్సరపు జ్ఞాపకమేనని వారే పలుమార్లు చెప్పారు.

చేరిన మూడు నెలలకే జరిగిన ఒక ఉదంతాన్ని ఇక్కడ తలచుకోకుండా ముందుకు సాగలేము. సెప్టెంబరు మాసంలో వారు ధర్సీవా మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలను చూడబోయారు. ఒకటో తరగతి పిల్లలకు ఉపాధ్యాయుడు బొమ్మలు చూపి పేర్లు అడుగుతున్నారు. టమాటా బొమ్మ రాగానే ముందు కూర్చున్న పాప లేచి, ఎంతో ధీమాగా "పతాల్!" అంది. పొరుగు రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చిన ఆ ఉపాధ్యాయుడు తల పట్టుకున్నారు. "చూశారా మేడమ్, టమాటా చూపిస్తే పాతాళం అంటోంది. వీళ్లకు చదువెలా వస్తుంది?" అంటూ హాజరు పుస్తకంలో ఆ పాప పేరు పక్కన 'వస్తువులు గుర్తించలేదు' అని రాసేశారు. వాకిట్లో ఛత్తీస్‌గఢీ వింటూ పెరిగినా, ఇంట్లోనూ బడిలోనూ టమాటా అన్న మాటే వాడిన లిడియా గారికీ ఆ మాట పాతాళంలాగే వినిపించింది. అయితే ఆ పాప ముఖంలోని ధీమా వారిని వదిలిపెట్టలేదు. తిరుగు ప్రయాణంలో టాటీబంధ్ కూడలి వద్ద బస్సు దిగి, రోడ్డు పక్కన కూరలమ్మే అమ్మ ముందు ఆగి, ఎర్రటి టమాటాను చేతిలోకి తీసుకుని "దీన్ని ఏమంటారమ్మా?" అని అడిగారు.

"పతాల్! ఇంకేమంటారు?" అంది కూరలమ్మ, ఈమెకేమైనా మతి పోయిందా అన్నట్టు చూస్తూ.

లిడియా గారు అక్కడికక్కడే కిలో టమాటాలు కొని, మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే బడికి వెళ్లి, వాటిని ఉపాధ్యాయుడి బల్ల మీద కుప్పగా పోసి, "ఆ పాప తప్పు చెప్పలేదండీ. తన ఇంట్లో ఉన్న పేరు చెప్పింది. ఆ రాసినది కొట్టివేయండి" అన్నారు. ఆ ఉపాధ్యాయుడు దాన్ని కొట్టివేసేదాకా లిడియా గారు కదలలేదు. ఆ సాయంత్రం కార్యాలయానికి వచ్చి, "తెలిసిన పిల్లనే తెలియదని రాస్తున్నాం! ఇలా ఎన్ని పుస్తకాల్లో ఎంతమంది పేర్ల పక్కన రాసి ఉంటామో!" అని గది అంతా తిరుగుతూ ఊగిపోయారని, నాడు అక్కడ ఉన్నవారు ఈనాటికీ చెప్పుకుంటారు. మిగిలిన టమాటాలతో మర్నాటి మధ్యాహ్నం కేంద్రంలో అందరికీ పచ్చడి అయిందన్నది కూడా చరిత్రే.

రెండు వేల మూడులో ధర్సీవాలో నలభై మంది ఉపాధ్యాయులకు జరిగిన ప్రథమ శిక్షణ శిబిరం వారి పేరును మండలమంతటా మోగించింది. తొలి రోజు లేచి నిలబడి, ఒక్క ఉపోద్ఘాత వాక్యమైనా లేకుండా, లిడియా గారు అచ్చ తెలుగులో కూడికలు, తీసివేతలు చెప్పడం మొదలుపెట్టారు. ప్రశ్నలు తెలుగులో, నల్లబల్ల మీద రాత తెలుగులో, చివరకు మందలింపులు కూడా తెలుగులోనే! అర్ధగంట తర్వాత అందరికీ కాగితాలు పంచి పరీక్ష పెట్టారు. పద్దెనిమిదేళ్ల అనుభవమున్న శ్రీ యోగేష్ సాహు గారు కాగితం వెనక్కి ఇచ్చేస్తూ గట్టిగానే అడిగారు.

"ఇదేం పరిహాసం మేడమ్? మాకు లెక్కలు రావా? మీరు చెప్పింది అర్థమైతే కదా రాయడానికి!"

"అర్థం కాకపోతే మీరేం చేశారు సర్, ఈ అర్ధగంటా?"

యోగేష్ గారు తడుముకున్నారు. "పక్కవాడితో మాట్లాడాను. కిటికీలోంచి చూశాను. ఒకసారి నిద్ర కూడా వచ్చింది." ఆ మాట అంటూ అంటూనే ఆగిపోయారు. వారి గొంతు తగ్గింది. "మా తరగతిలో చివరి వరుస పిల్లలు చేసేవి కూడా ఇవే మేడమ్. వాళ్లను నేను పద్దెనిమిదేళ్లుగా కొడుతున్నాను."

ఆ రోజు నుంచి వారు లిడియా గారికి కుడిభుజమయ్యారు. వారిని శిబిరం నుంచి శిబిరానికి వెంటబెట్టుకుని వెళ్లి, ఆ మాటను వారి నోటనే చెప్పించేవారు లిడియా గారు. పై అధికారి ఉపన్యాసం కన్నా, తోటి ఉపాధ్యాయుని ఒప్పుకోలు వందరెట్లు బలంగా పనిచేసేది.

అయితే శిబిరాలు వేరు, బడులు వేరు. రెండు వేల ఐదు జూన్‌లో, ధర్సీవా మండలంలోని ఐదు పాఠశాలలలో వారి ద్విభాషా అక్షరాస్యతా ప్రణాళిక ఆరంభమైంది. ఉద్దేశం సులువు. పిల్లలు మొదటి ఏడాది తాము ఇంట్లో మాట్లాడే ఛత్తీస్‌గఢీలో చదవడం, రాయడం నేర్చుకుంటారు. హిందీని ఆ ఏడాది వినడం, మాట్లాడడం వరకే. రెండో ఏడాది నుంచి అదే అక్షరాలతో హిందీ చదువు, ఆపై రెండూ జతగా సాగుతాయి. అచ్చు పుస్తకాలు లేవు గనుక ఊళ్లలోని ముసలమ్మలు చెప్పిన కథలనే రాసి, బొమ్మలు వేయించి, చేతి పుస్తకాలు కుట్టించారు. సిల్తారా ఉక్కు కార్ఖానాల చుట్టూ ఉన్న ఆ ఊళ్లలో, పిల్లలు తమ నానమ్మ చెప్పిన కథను బడి పుస్తకంలో చూసుకుని ఎగిరి గంతేశారు. బడి ఎగ్గొట్టేవారి సంఖ్య సగానికి తగ్గింది.

మరుసటి ఏప్రిల్‌లో పరీక్ష జరిగింది, హిందీలో. ఐదు బడుల పిల్లలూ మిగతా బడుల కన్నా వెనుకబడ్డారు.

పాలకమండలి సమావేశంలో ప్రణాళిక మూసివేయాలన్న ప్రతిపాదన వచ్చింది. లిడియా గారు లేచి, "ఏడాదంతా ఈత నేర్పి, చివర్లో సైకిలు పరీక్ష పెట్టారు. పడిపోయారని ఈత మాన్పించమంటున్నారు. ఇంకో రెండేళ్లు ఇవ్వండి" అని వాదించారు. రెండు గంటల చర్చ తర్వాత పాలకమండలి ఒక మెలిక పెట్టింది: ఐదు ఊళ్ల తల్లిదండ్రులూ సమ్మతిస్తేనే రెండేళ్లు, ఒక్క ఊరు కాదన్నా అంతటితో సరి.

నాలుగు ఊళ్లు సమ్మతించాయి. ఐదవది కర్రాడీహ్.

జూలై మొదటి వారంలో లిడియా గారు, యోగేష్ గారు కర్రాడీహ్ చేరేసరికి బడి గేటుకు తాళం వేసి ఉంది. తాళం వేసినది ఊరివాళ్లే. గేటు ముందు అరవై మంది దాకా పోగయ్యారు. వారికి పెద్దగా నిలబడినవారు శ్రీ బిసాహూ రామ్ యాదవ్ గారు. సిల్తారాలో కొలిమి దగ్గర పని చేసే మనిషి, ఐదో తరగతి దాకా చదివినవారు, ఆ బడిలోనే ఒకటో తరగతి పూర్తి చేసిన సతరూపకు తండ్రి.

"మేడమ్, మా మాట మా పిల్లలకు మేమే ఇంట్లో నేర్పుకుంటాం. దానికి బడెందుకు? మాకు రానిది నేర్పుతారని కదా పంపేది! కార్ఖానా గేటు దగ్గర కాగితం ఇస్తే నేను చదవలేను. నా కూతురు కూడా అలాగే నిలబడాలా?"

లిడియా గారు సమాధానం చెప్పబోయారు. అంతలో ఆయన మరొకటి అడిగారు.

"మీ అమ్మాయి ఏ స్కూల్లో చదువుతోంది మేడమ్?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. మాట దాటవేయడానికి అంతకన్నా వీలుంది. లిడియా గారు రెండూ చేయలేదు. "ఇంగ్లీషు మీడియంలో" అన్నారు.

"చూశారా! వాళ్ల పిల్లలకు ఇంగ్లీషు, మన పిల్లలకు ఛత్తీస్‌గఢీ!" అని ఎవరో వెనక నుంచి అరిచారు. జనం నవ్వారు. ఆ నవ్వులో కోపం కన్నా ఎక్కువగా, ఇది మాకెప్పుడూ ఉన్నదేలే అన్న నిస్పృహ ఉంది; అదే లిడియా గారిని గుచ్చింది. టాటీబంధ్ దాకా బస్సులో యోగేష్ గారు ఏదో ధైర్యం చెప్పబోతే, "వద్దు సర్. ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న" అని మాత్రం అన్నారు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. రూతమ్మ గారు కంటి ఆపరేషన్ చేయించుకుని పట్టీతో మంచం మీద ఉన్నారు. పదేళ్ల మనవరాలు ప్రియదర్శిని పక్కన కూర్చుని ఉంది. నరసాపురంలోని చెల్లెలి దగ్గర నుంచి రూతమ్మ గారికి ఆ రోజే ఉత్తరం వచ్చింది.

"ఓ బంగారూ, కాస్త ఆ చిట్టీ చదివి పెట్టవే. మా చెల్లెలికి ఒంట్లో బాగాలేదని ఫోనులో ఎవరో అన్నారు. ఏం రాసిందో ఏమో!"

పాప ఉత్తరం విప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "అమ్మమ్మా, ఇది నాకు రాదు. ఇంగ్లీషులో ఉంటే చదువుతా. హిందీ అయినా పర్లేదు."

"అదేంటే, మాట్లాడతావుగా తెలుగు గలగలా!"

"మాట్లాడతా గానీ, ఇలా ఉంటుందని నాకు తెలీదు."

గుమ్మంలో నిలబడిన లిడియా గారు చెప్పులు కూడా విప్పలేదు. ఆ ఉత్తరాన్ని తీసుకుని తామే చదివారు. చిన్నమ్మకు జ్వరం తగ్గిందని, దిగులుపడవద్దని అందులో ఉంది. రూతమ్మ గారు ఊపిరి పీల్చుకుని, కట్టు కట్టిన కళ్లతోనే కూతురి వైపు తిరిగి, "ఊళ్లో పిల్లలందరికీ వాళ్ల భాషలో చదువు చెప్పిస్తానని బస్సులెక్కి తిరుగుతున్నావు. ఇంట్లో దీని సంగతి నీకు కనపడలేదుటే అమ్మాయ్?" అన్నారు. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. అందుకే అది నేరుగా తగిలింది. మర్నాటి పొద్దున వంటగది అరుగు మీద పిండిలో వేలితో 'అ' రాయిస్తూ ప్రియదర్శినికి తెలుగు చదువు మొదలైంది. ఆనాటి పదేళ్ల పాప, నేడు బిలాస్‌పూర్‌లో వైద్యురాలు. తెలుగువారైన పేషెంట్లకు మందుల వేళలు తెలుగులోనే రాసిస్తుంది.

వారం తిరిగేసరికి లిడియా గారు మళ్లీ కర్రాడీహ్ వెళ్లారు. తాళం అలాగే ఉంది. జనం మళ్లీ పోగయ్యారు, ఈసారి కొంత వేడుక చూసే కుతూహలంతో. వారు ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడారు. "అన్నా, పోయిన వారం మీరు నన్నొకటి అడిగారు. నా కూతురు ఇంగ్లీషు బడికి వెళుతుంది. మా అమ్మకు వచ్చిన ఉత్తరాన్ని అది చదవలేకపోయింది. ఆ తప్పు నాది. దిద్దుకుంటున్నాను. హిందీ వద్దని మీ పిల్లలకు నేను చెప్పడం లేదు. రెండూ రావాలంటున్నాను. మీ మాట మీద నిలబడి హిందీ అందుకుంటే అది గట్టిగా అందుతుంది. రెండేళ్లు ఇవ్వండి. మూడో తరగతి చివర మీ పిల్లలు హిందీ తడబడకుండా చదవకపోతే, నేనే వచ్చి ఈ పథకానికి తాళం వేస్తాను."

"నోటి మాట ఎవరు నమ్ముతారు? కాగితం మీద రాసివ్వండి" అన్నారు బిసాహూ గారు.

లిడియా గారు సంచిలోంచి కాగితం తీసి, యోగేష్ గారి వీపును బల్లగా చేసుకుని, అక్కడే నిలబడి రాసి సంతకం చేసి ఇచ్చారు. బిసాహూ గారు దాన్ని దూరంగా పట్టుకుని, ప్రభుత్వ కాగితం చదివేవాడి భయంతో, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ మొదలుపెట్టారు. రెండు మాటలయ్యేసరికి ఆయన కనుబొమలు లేచాయి. మూడో మాటకు వేగం పెరిగింది. వాక్యం ముగిసేసరికి ఆయన గొంతు గేటు అవతలికి వినిపిస్తోంది: "జమ్మో లఇకా మన్ దూనో భాఖా మ పఢ్‌హీం!" పిల్లలందరూ రెండు భాషల్లోనూ చదువుతారు. ఆయన కాగితం దించి, అందరి వైపూ చూసి, పకపక నవ్వారు.

"అరే, యే తో హమర్ గోఠ్ ఆయ్! ఇది మన మాటేరా! కాగితం మీద మన మాట! ఇంత వేగంగా నేనెప్పుడూ ఏదీ చదవలేదు!"

ఆ కాగితం చేతులు మారింది. చదువు వచ్చిన ప్రతివారూ బయటికి చదివారు. చదువు రానివారు మళ్లీ చదవమన్నారు. నలభై ఏళ్లు నిండిన మనుషులు తమ సొంత మాటను అక్షరాలలో మొదటిసారి చూసుకుని పొంగిపోతున్న ఆ దృశ్యాన్ని తలచుకున్నప్పుడల్లా యోగేష్ గారికి కళ్లు చెమ్మగిల్లుతాయి. లిడియా గారు వారం పాటు సిద్ధం చేసుకున్న వాదనలేవీ అవసరపడలేదు. ఎవరూ అడగకుండానే ఒక ముసలాయన లేచి వెళ్లి తాళంచెవి తెచ్చారు.

తర్వాతి రెండేళ్లూ వారు పడిన శ్రమ వర్ణనాతీతం. వారానికి రెండు రోజులు ఊళ్లలో, రెండు రోజులు ఉపాధ్యాయ శిక్షణలో, మిగిలిన రోజులు పాఠాలు రాయడంలో గడిచాయి. ఛత్తీస్‌గఢీలో నేర్చిన మాటను హిందీ మాట పక్కన పెట్టి, ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో పిల్లల చేతనే కనిపెట్టించే పద్ధతిని వారు ఆ రోజుల్లోనే రూపొందించారు. తల్లులకు శనివారాలు బడిలో చోటు ఉండేది. వచ్చి కూర్చోవచ్చు, కథ చెప్పవచ్చు, తప్పు పట్టవచ్చు. తప్పులు పట్టడంలో కర్రాడీహ్ తల్లులు ఎవరికీ తీసిపోలేదు.

రెండు వేల ఎనిమిది ఏప్రిల్‌లో కర్రాడీహ్ బడి ఆవరణలో బహిరంగ పఠనం ఏర్పాటైంది. షామియానా వేశారు, పాలకమండలి సభ్యులు వచ్చారు, ఊరంతా వచ్చింది. మూడో తరగతి పిల్లలు తాము కుట్టుకున్న కథల పుస్తకాలు ఛత్తీస్‌గఢీలో చదివారు. ఆ తర్వాత హిందీ పాఠ్యపుస్తకం తీశారు. అప్పుడు బిసాహూ గారు లేచి, "ఆగండి. ఆ పుస్తకం వాళ్లకు కంఠస్థం అయి ఉంటుంది. ఇది చదవమనండి" అంటూ జేబులోంచి ఆ ఉదయపు హిందీ దినపత్రికను తీశారు. మడత విప్పి, ఏదో ఒక పేజీ తెరిచి, తన కూతురి చేతిలోనే పెట్టారు.

పత్రిక హిందీ పెద్దవాళ్లకే కొరుకుడు పడదు. "వద్దనండి మేడమ్" అని పక్కనున్న సభ్యుడొకరు గుసగుసలాడారు. లిడియా గారు తల అడ్డంగా ఊపారు.

సతరూప చదవసాగింది. అది వార్త కూడా కాదు, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేసిన ప్రభుత్వ ప్రకటన. మొదటి వాక్యం గడిచింది. రెండో వాక్యంలో ఒక పొడుగాటి సంస్కృత పదం దగ్గర ఆ పాప ఆగింది. పాప ఆ మాట మీద వేలు పెట్టి, మూడు ముక్కలుగా విడదీసి, పెదవుల్లో కూడబలుక్కుని, ఒక్కసారిగా పైకి చదివేసింది. అక్కడ నుంచి చివరిదాకా ఆగలేదు. చదివి, పత్రిక మడిచి, ఎవరూ చెప్పకుండానే ముందు వరుసలో కూర్చున్న నానమ్మ వైపు తిరిగి తన ఇంటి భాషలో చెప్పింది.

"నానమ్మా, మన ఊరి పక్క కార్ఖానాను ఇంకా పెద్దది చేస్తారట. అభ్యంతరం ఉంటే వచ్చే నెల పంతొమ్మిదో తేదీన ధర్సీవాలో సభ పెడతారట, అక్కడికొచ్చి చెప్పమంటున్నారు. రాసి కూడా ఇవ్వొచ్చట."

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాలిలోనే ఆగాయి. "ఏంటీ? ఏ కార్ఖానా? మళ్లీ చదువు!" అన్నారు బిసాహూ గారు. పాప మళ్లీ చదివింది. మళ్లీ చెప్పింది. ఊరి మీద బూడిద కురిపిస్తున్న ఆ కార్ఖానా గురించి ఆ ప్రకటన నాలుగు రోజులుగా వస్తూనే ఉందని, అది తమ ఊరి గురించేనని ఎవరికీ తెలియలేదని అప్పుడు బయటపడింది. పఠనోత్సవం అక్కడికక్కడే గ్రామసభ అయిపోయింది! పాలకమండలి సభ్యులు ఒక పక్కకు జరిగి కూర్చున్నారు. ఒకరు లిడియా గారితో, "ఇక మాకు పరీక్షా ఫలితాలు అక్కర్లేదు" అన్నారు. అయినా ఫలితాలు వచ్చాయి; ఐదు బడుల పిల్లలూ హిందీ పఠనంలో మండలంలో ముందు నిలిచారు.

మే పంతొమ్మిదిన కర్రాడీహ్ నుంచి రెండు ట్రాక్టర్ల నిండా జనం ధర్సీవా వెళ్లారు. వారి అభ్యంతర పత్రం ఒక వైపు ఛత్తీస్‌గఢీలో, మరో వైపు హిందీలో ఉంది. మొదటి వైపు బిసాహూ గారు స్వహస్తాలతో రాశారు. బూడిదను ఊరికి దూరంగా పోయాలన్న షరతు ఆ సభ నివేదికలో నమోదైంది. ఆచరణలోకి రావడానికి మరో ఏడాదిన్నర పట్టినా, వచ్చింది.

ఆపైన లిడియా గారి ప్రస్థానం వేగం అందుకుంది. రెండు వేల పదిలో సీనియర్ శిక్షకురాలిగా పదోన్నతి పొందిన వెంటనే, సిల్తారా కార్మికుల కాలనీలలోని తెలుగు పిల్లల వైపు వారు దృష్టి సారించారు. ఆ పిల్లలకు సమస్య రెండింతలు. భాషా వేరే, లిపీ వేరే. బడిలో తెలుగు తెలిసిన ఉపాధ్యాయులు లేరు. శ్రీకాకుళం నుంచి వలస వచ్చి కార్ఖానా క్యాంటీన్‌లో పని చేస్తున్న శ్రీమతి రమణమ్మ గారిని తరగతికి సహాయకురాలిగా రమ్మన్నప్పుడు ఆమె హడలిపోయారు.

"అమ్మా, నేను ఏడో కలాసుతో ఆపేసినాను. నాకేటొస్తాది సెప్పడానికి?"

"మీకు తెలుగొచ్చు. ఆ పంతులు గారికి రాదు. రోజుకో గంట ఆయన మీ దగ్గర నేర్చుకుంటారు, పిల్లలతో పాటే" అన్నారు లిడియా గారు.

ఏడాది తిరిగేసరికి ఆ తరగతి గోడ మీద తెలుగు, హిందీ పక్కపక్కన వెలిశాయి. రమణమ్మ గారు ఆగిపోయిన చోటు నుంచి మళ్లీ చదివి, పదో తరగతి పరీక్ష నెగ్గి, శిక్షణ పూర్తి చేశారు. నేడు వారు మన కేంద్రంలోనే తెలుగు విభాగపు బాధ్యురాలు. ఈ సంచికలోని తెలుగు పుటల అచ్చుతప్పులు దిద్దినది వారే.

రెండు వేల పదహారు నుంచి ప్రధాన శిక్షణాధికారిణిగా, ఐదు బడులతో మొదలైన ప్రణాళికను నూట నలభై బడులకు విస్తరింపజేశారు. బస్తర్ వైపు నుంచి గోండీ, హల్బీ మాట్లాడే ఉపాధ్యాయులు శిక్షణకు రాసాగారు. మహమ్మారి రోజుల్లో బడులు మూతబడినప్పుడు, ఫోన్లు లేని ఇళ్ల పిల్లల కోసం ఊరి మైకులోంచి పాఠాలు వినిపించే ఏర్పాటు చేసి, రెండు భాషలలో తామే స్వయంగా గొంతు అరువిచ్చారు. ఆ పాఠాలు వినడానికి పిల్లల కన్నా అవ్వలే ముందు అరుగులెక్కేవారని యోగేష్ గారు నవ్వుతూ చెబుతారు. ఏ శిక్షణకైనా నిర్ణీత సమయానికి పావుగంట ముందే రావడం, ఏ ఉపాధ్యాయుడినీ పదిమందిలో తక్కువ చేయకపోవడం, తమ పొరపాటును తామే ముందు చెప్పడం వారి సహజ గుణాలు. కోపం వారికి లేదని చెబితే అది స్తుతి అవుతుంది గాని సత్యం కాదు. పిల్లను పట్టుకుని 'మొద్దు' అన్నవారెవరైనా ఆ కోపాన్ని చవిచూసినవారే! వారి ప్రతి ప్రయాణంలోనూ అండగా నిలిచిన భర్త, రైల్వే ఉద్యోగి శ్రీ కిరణ్ గారికి ఈ సందర్భంగా మా కృతజ్ఞతలు.

గత నెల వీడ్కోలు ఏర్పాట్ల గురించి మాట్లాడుకుంటూ, జ్ఞాపికగా ఏమి ఇమ్మంటారని వారినే అడిగాము. వారు తడుముకోకుండా, "జూలైలో మొదలయ్యే గోండీ తరగతిలో నాకొక కుర్చీ కావాలి" అన్నారు. ఆ తరగతి చెప్పబోయేది నారాయణపూర్ నుంచి వచ్చి నాలుగేళ్ల క్రితం లిడియా గారి దగ్గరే శిక్షణ పొందిన కుమారి సుకమతి నేతామ్. ఆమె మొదట నమ్మలేదు. నమ్మాక సంకోచిస్తూ, "మేడమ్, మీకు నేనెలా చెప్పను? మీరు తప్పు పలికితే ఎలా దిద్దను?" అంది.

"పలకకముందే భయపడకమ్మా. వందసార్లు తప్పు పలుకుతాను. నూటొక్కసారి దిద్దు" అన్నారు లిడియా గారు, అప్పుడే బడిలో చేరబోతున్న పిల్ల మొహంలో ఉండే సంబరంతో. ఆ సాయంత్రమే వెళ్లి నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు కొనుక్కొచ్చారు.

శ్రీమతి లిడియా గారికి దృఢమైన ఆరోగ్యం, చూపు, వినికిడి చిరకాలం తోడుండాలని, తల్లి రూతమ్మ గారి ఆయుష్షును మించిన ఆయుష్షు వారికి లభించాలని, కుటుంబ సభ్యుల నడుమ వారి దినాలు ప్రశాంతంగా, పాఠాల నడుమ కోలాహలంగా గడవాలని సహోద్యోగులందరం మనసారా ఆకాంక్షిస్తున్నాము. జూలై ఒకటవ తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నరకు గోండీ మొదటి పాఠం. సుకమతి ఇప్పటికే హాజరు పట్టికలో తొలి పేరు రాసేసింది: విద్యార్థిని పెనుమాల లిడియా, వయసు అరవై.